కరివేపాకు మీద కేసు

ఇంట్లో ఈగ వాలితే దానికి కారణం కనిపెట్టి, ఆ కారణానికి భార్య పేరు పెట్టగల సమర్థుడు అమర్‌నాథ్. అతని ఉద్యోగమూ అదే. అమెరికాలోని ఆష్‌బర్న్‌లో కిటికీలు లేని ఆ పెద్దపెద్ద డేటా సెంటర్లలో ఒకదానిలో ఏ యంత్రమైనా ఆగిపోతే, ఎందుకు ఆగింది, ఎక్కడ మొదలైంది అని వెనక్కి తవ్వుకుంటూ వెళ్ళి మూలం తేల్చడం అతని పని. ఆఫీసులో దానికి జీతమిస్తారు. ఇంట్లో ఉచితం. పప్పు మాడితే మాడిందని ఊరుకోడు, "దీని రూట్ కాజ్ ఏంటి వల్లీ?" అంటాడు. ఫోన్‌లో మాట్లాడుతూ పొయ్యి మర్చిపోయానని శ్రీవల్లి ఒప్పుకుంటే, ఫోన్ చేసిన స్నేహితురాలు మనీషా దాకా ఇంకొంచెం తవ్వుతాడు. ఎంత తవ్వినా ఆ గొయ్యి అతని కాళ్ళ కిందికి మాత్రం ఎప్పుడూ రాదు.

ఆ ఆదివారం సాయంత్రం పెసరట్టు తింటూ ఫోన్ చూసి, "శనివారం రాత్రికి ఫ్రీజ్ వార్నింగ్ ఇచ్చాడు, నీళ్ళు గడ్డకట్టే చలట," అన్నాడు.

"రేపే మొదలుపెడతాను," అంది శ్రీవల్లి పొయ్యి దగ్గర నుంచి. "కుండీలన్నీ కడిగి లోపలికి తెచ్చెయ్యాలి."

"అన్నీ కాదు." ముక్క తుంచి అల్లప్పచ్చడిలో అద్దాడు. "అమ్మ తులసి వస్తుంది. కరివేపాకు రాదు."

అట్టు తిరగెయ్యబోతున్న శ్రీవల్లి చెయ్యి ఆగింది.

"రాదంటే?"

"పోయిన వింటర్ మర్చిపోయావా? ఇల్లంతా ఆ బుల్లి ఈగలు. సాంబార్‌లో ఈగ, కళ్ళజోడు మీద ఈగ. క్లయింట్‌తో మాట్లాడుతుంటే ముక్కులోకి ఒకటి పోయింది. కెమెరా ఆన్‌లో ఉంది."

"నేనేం పంపలేదు దాన్ని మీ ముక్కులోకి."

ఎదురుగా కూర్చున్న రాజేశ్వరమ్మ నవ్వు దాచుకోవడానికి మంచినీళ్ళ గ్లాసు ఎత్తింది. కొడుకు ఆ నవ్వు చూడలేదు. అతను లెక్క చెబుతున్నాడు.

"ఆలోచించు. నవంబర్‌లో కరివేపాకు కుండీ లోపలికి వచ్చింది, ఈగలొచ్చాయి. ఏప్రిల్‌లో కుండీ బయటికి వెళ్ళింది, ఈగలు పోయాయి. పైగా నువ్వు దానికి పుల్ల మజ్జిగ పోసేదానివి. తడి మట్టిలో పాలు, పైన హీటర్. ఈగలకి ఇంతకంటే ఏం కావాలి?"

నవంబర్‌లో ఈ ఇంట్లోకి వచ్చింది కరివేపాకు ఒక్కటే కాదు. అత్తగారూ ఆ నెలలోనే దిగారు. తిరిగి వెళ్ళింది ఏప్రిల్‌లోనే; మళ్ళీ ఈ మధ్యే వచ్చారు. పోయినేడు ఆవిడ ఉన్నన్నాళ్ళూ హాల్లో కొలువున్న తులసి కుండీ మీదే శ్రీవల్లికి లోలోపల అనుమానం. ఆ మాట నోటిదాకా వచ్చింది. అత్తగారి పళ్ళెంలో వేడి అట్టు వేస్తూ దాన్ని మింగేసింది.

"అందుకే మనీషా వాళ్ళాయన అవినాష్‌కి ఇచ్చేస్తున్నాను," అన్నాడు అమర్‌నాథ్. "వాళ్ళకి సన్‌రూమ్ ఉంది, అద్దాల గది. శనివారం మధ్యాహ్నం వచ్చి తీసుకెళ్తారు. మొక్కకీ మంచిదే."

"ఎవర్ని అడిగి ఇచ్చారు?"

"ఇందులో అడగడానికేముంది? మొక్కే కదా!"

అట్టు పెనానికి అంటుకుపోయింది. అట్లకాడతో గీకుతూ ఉండిపోయింది శ్రీవల్లి. గుడి దగ్గర అమ్మకంలో వేలెడంత మొలకగా కొన్న మొక్క అది. ఇప్పుడు ఆమె భుజం దాటింది. చలికాలం మంచు పేరుకున్న రోజున కూడా రెండు రెబ్బలు తుంచి పోపులో వేసుకోగలగడం ఆమెకున్న ఒకే ఒక్క భోగం. కూరలో కరివేపాకును తీసి పక్కన పెట్టినంత తేలిగ్గా మొత్తం చెట్టునే తీసి పక్కన పెట్టేశాడు మహానుభావుడు.

* * *

సోమవారం పొద్దున్నే చీరకొంగు బిగించి వెనక చెక్క డెక్ మీదికి వెళ్ళింది. మొక్క ఎవరింటికి వెళ్ళినా పురుగుతో మాత్రం వెళ్ళకూడదు. రేపు ఎవరూ దాన్ని వేలెత్తి చూపకూడదు. ఆ పట్టుదల ఆమెకి కాఫీ కంటే ఎక్కువ వేడి పుట్టించింది.

ముందు కత్తెరతో ఎండు పుల్లలు, పండిన ఆకులు కత్తిరించింది. పైపు పెట్టి ఆకుల అడుగున కొట్టింది. పైన కొట్టడం ఎవరైనా చేస్తారు. పురుగు తెలివైనది, అది అడుగునే ఉంటుంది. ఒక్కొక్క రెమ్మనీ అరచేతిలో వెల్లకిలా పడుకోబెట్టి బొటనవేలితో రుద్దింది. కాండం మీద గోధుమరంగు పొలుసులు నాలుగైదు కనిపిస్తే పాత టూత్‌బ్రష్‌తో గీకి పారేసింది. తర్వాత కుండీని పక్కకి ఒరిగించింది. అడుగున గుల్ల లేని నత్త ఒకటి, రాజీనామా ఇచ్చే ఉద్దేశం లేని ఉద్యోగిలా నింపాదిగా పడుకుని ఉంది. దాన్ని పుల్లతో తీసి గడ్డిలోకి విసిరింది.

బట్టలు నానబెట్టే పెద్ద ప్లాస్టిక్ తొట్టిలో నీళ్ళు నింపి, కుండీని అంచుదాకా ముంచింది. బుడబుడమంటూ గాలి బుడగలు. కాసేపటికి మట్టిలో కాపురమున్న వాళ్ళందరూ పైకి తేలారు. గుడ్లు మోసుకుంటూ చీమలు, తోక దగ్గర పటకారు ఉన్న పురుగొకటి, ముడుచుకుపోయిన రోకలిబండ పురుగు ఒకటి. ఈగ పిల్ల ఒక్కటి లేదు.

"కనిపిస్తున్నాయా? ఈగలున్నాయా ఇందులో?" అంది పైకే, ఎవరూ లేని డెక్ మీద.

"ఎవరితోనే మాటలు?" అంటూ రాజేశ్వరమ్మ శాలువా కప్పుకుని తలుపు తీసుకుని వచ్చింది. "ఏమిటీ వాసన?"

"వేపనూనె అత్తయ్యగారూ. కొంచెం సబ్బునీళ్ళు కలిపాను. దీనికి అయ్యాక తులసికి కూడా కొడతాను."

రాజేశ్వరమ్మ గబగబా వెళ్ళి తులసి కుండీకి అడ్డంగా నిలబడింది. మట్టిలో నిన్నటి దీపం ప్రమిద ఇంకా ఉంది.

"నీ కరివేపాకుకి ఏం పోసుకుంటావో నీ ఇష్టం. తులసమ్మ జోలికి రాకు. కార్తీకమాసంలో దేవతకి గిన్నెలు తోమే సబ్బు రాస్తావా?"

"పురుగు పడితే దేవతే కదా అత్తయ్యగారూ చచ్చిపోయేది!"

"శుభమా అని అవేం మాటలు!"

శ్రీవల్లి స్ప్రే సీసా కింద పెట్టింది. ఆవిడతో వాదించి గెలిచినవాళ్ళు ఆ వంశంలో లేరు. కొడుకు సహా. దారి మార్చాలి.

"తులసమ్మ పెళ్ళి ఎప్పుడండీ?"

"ద్వాదశికి. వచ్చేవారం."

"మరి పెళ్ళికూతురికి తలంటు పొయ్యరా?"

రాజేశ్వరమ్మ కళ్ళజోడు సర్దుకుని కోడల్ని చూసింది. కోడలు తొట్టిలో తేలుతున్న రోకలిబండని శ్రద్ధగా చూస్తోంది.

"మీ పెట్టెలో కుంకుడుకాయలున్నాయి కదా," అంది శ్రీవల్లి. "రసం తీస్తే నురగ వస్తుంది. సబ్బు కాదు కదా అది?"

"నీకు డిగ్రీ ఎవరిచ్చారో గానీ…" అని ఆగింది రాజేశ్వరమ్మ. కోడలు తనని బుట్టలో వేస్తోందని ఆవిడకి తెలుసు. అయినా తలంటు అన్న మాట చెవికి ఇంపుగా ఉంది. లోపలికి వెళ్ళి కుంకుడుకాయలు దంచి, వేడినీళ్ళలో పిసికి, వడకట్టి గిన్నెతో తెచ్చింది. పీట వేసుకుని కూర్చుని, తన చేత్తోనే రెమ్మరెమ్మకీ నురగ పట్టించింది. ఆకు అడుగునా పైనా రుద్దుతూ, చిగురు దగ్గరికి వచ్చేసరికి, "కళ్ళు మూసుకో తల్లీ," అంది మెల్లగా.

శ్రీవల్లి నవ్వబోయి నవ్వలేకపోయింది.

తులసి మట్టి కూడా పైన పొర తీసేసి పొడి మట్టి వేసింది. అందులోనూ ఈగ జాడ లేదు. అనుమానానికి ఆధారం జారిపోతుంటే ఆమెకి కొంచెం నిరాశ కలిగింది.

"కరివేపాకుకి మజ్జిగ పోస్తున్నావా?" అడిగింది రాజేశ్వరమ్మ చేతులు కడుక్కుంటూ. "ఆకు చిన్నబోయింది."

"మీ అబ్బాయి పోయినేడే నిషేధించారు."

"పొయ్యమన్నది నేనైతే నిన్నంటాడేం!"

రెండు కుండీలనీ చక్రాల పలక మీద పెట్టి ఇంటి పక్కనుంచి తోసుకుంటూ గరాజ్‌లోకి తెచ్చారు. కిటికీ కింద పెట్టి, ఒక్కొక్క దాంట్లో పసుపు రంగు జిగురు అట్ట ఒకటి పుల్లకి గుచ్చి నిలబెట్టింది శ్రీవల్లి. ఎగిరే పురుగు ఏదున్నా దానికే అంటుకుంటుంది. శనివారం దాకా ఇక్కడే కాపలా.

అప్పటికి రాజేశ్వరమ్మ కాఫీ వేళయింది. వారంలో ఎక్కువ రోజులు ఇంటి నుంచే పనిచేసే కొడుక్కి మధ్యాహ్నం కాఫీ ఆవిడే కలుపుతుంది. ఇంకెవరినీ ఆ పొయ్యి దగ్గరికి రానివ్వదు. చిక్కటి పాలు, పైన నురగ, గుండ్రంగా పోగు పోసిన మూడు చెంచాల పంచదార.

"షుగర్ బోర్డర్‌లో ఉందన్నారు డాక్టరు," అంది శ్రీవల్లి, రోజూ అనే మాటే.

"డాక్టర్లు అందరికీ అదే చెప్తారు. చూడు, చుక్క మిగల్చడు."

నిజమే. మేడ మీద గదిలోంచి తిరిగి వచ్చే కప్పు ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. పొద్దున శ్రీవల్లి పంచదార లేకుండా ఇచ్చే కాఫీలో మాత్రం సగం మిగులుస్తాడు. అలవాటైన అవమానాల్లో అదొకటి.

సాయంత్రం అమర్‌నాథ్ చెత్తడబ్బా కోసం గరాజ్‌లోకి వచ్చి అట్టలు చూశాడు.

"ఇదేం టెస్ట్?"

"ఈగలుంటే దీనికి అంటుకుంటాయి. లేకపోతే లేనట్టు."

"కాదు వల్లీ. బేస్‌లైన్ ఏది? దేంతో పోలుస్తావు? ఇక్కడ ఈగలు లేవంటే మొక్క శుభ్రంగా ఉన్నట్టా, గరాజ్ చల్లగా ఉన్నట్టా? ఇంట్లో కూడా పెట్టాలి. కిచెన్‌లో ఒకటి, హాల్లో ఒకటి. నా గదిలో కూడా పెడతాను. నా గది వదిలేశానని రేపు నువ్వనకూడదు."

"ఇంట్లో ఈగలుండి, ఇక్కడ లేకపోతే?"

"అప్పుడు చూద్దాం."

"చూడ్డం కాదు. నా మొక్క నాకుంటుంది."

"డేటా ఏం చెబితే అది," అన్నాడు అమర్‌నాథ్ ఉదారంగా. ఒక అట్ట తీసుకుని, ఈల వేసుకుంటూ మేడ మీదికి వెళ్ళి, ప్రమోషన్ వచ్చినప్పుడు టీమ్ వాళ్ళిచ్చిన పీస్ లిల్లీ కుండీలో తన చేత్తోనే గుచ్చాడు.

* * *

గురువారం అతను ఆఫీసుకి వెళ్ళాడు. శ్రీవల్లి అట్టల తనిఖీకి బయల్దేరింది.

కరివేపాకు అట్ట మీద ఏమీ లేదు. తులసి అట్ట మీద దారి తప్పిన చిన్న పురుగొకటి. హాల్లో ఏమీ లేదు. వంటింట్లో రెండు బుల్లి ఈగలు. అవే. పోయినేటివే. మొక్కలన్నీ గరాజ్‌లో ఉంటే ఇవెక్కడివి? మెట్లెక్కుతుంటే ఇంకోటి ఆమె మొహం ముందు నుంచి తీరిగ్గా వెళ్ళింది.

అమర్‌నాథ్ గది తలుపు తీసింది. మానిటర్ వెనక, కిటికీ పక్కన పీస్ లిల్లీ. ఆ మొక్క ఏనాడూ గడప దాటి ఎరగదు. అందుకే దాన్ని ఎవరూ అనుమానించలేదు. దాంట్లో గుచ్చిన అట్ట పసుపు రంగులో లేదు. నువ్వుల జీడిలా ఉంది.

వంగి చూసింది. మట్టి మీద గోధుమరంగు చర్మంలాంటి పొర. పుల్లతో కదిపితే అడుగునుంచి బుల్లి ఈగలు బిలబిలమని లేచాయి. వాటితో పాటు ఒక వాసన కూడా. పులిసిన వాసన. పాలది, కాఫీ గింజలది, పాకంలాంటి తీపిది. కుండీ లోపలి అంచున కాఫీ రంగు చారలు, ఎండిపోయినవి, వాటి మీద నిన్నటివి.

శ్రీవల్లి అతని చక్రాల కుర్చీలో కూర్చుంది. కుర్చీ అర చుట్టు తిరిగి ఆగింది. నవంబర్‌లో అత్తగారొచ్చారు, కాఫీ వచ్చింది. ఏప్రిల్‌లో అత్తగారు వెళ్ళారు, కాఫీ ఆగింది. మజ్జిగ పోసిందని తన మీద కేసు పెట్టిన మనిషి మూడు చెంచాల పంచదార వేసిన పాలకాఫీ రోజూ కుండీలో పోస్తున్నాడు. పోసి, ఖాళీ కప్పు కిందికి పంపి, కెమెరా ముందు కూర్చుని ముక్కులో ఈగ పోయిందని ఇంట్లోవాళ్ళ మీద అరిచాడు.

సాయంత్రం అతను షూస్ విప్పుతుంటే గుమ్మంలోనే అంది. "మీ గదిలో అట్ట నల్లబడిపోయింది."

"అత్తా? మా అత్తకేమైంది?"

"అత్త కాదు, అట్ట. లిల్లీ కుండీలోది. వాసన చూశాను. కాఫీ వాసన."

అమర్‌నాథ్ షూ చేత్తో పట్టుకుని వంటింటి వైపు చూశాడు. అక్కడ రాజేశ్వరమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. అతను గొంతు తగ్గించాడు.

"మూడు చెంచాలు వల్లీ. అది కాఫీ కాదు, పాయసం. డాక్టర్ ఏమన్నాడో నీకు తెలుసు."

"మీ అమ్మకి చెప్పచ్చుగా."

"చెప్తే బాధపడుతుంది. పారబొయ్యడానికి కిందికి వస్తే చూస్తుంది. మొక్కకి కాఫీ మంచిదని ఎక్కడో చదివాను…"

"మజ్జిగ మాత్రం మంచిది కాదు."

అతను ఇంకో షూ విప్పడం మొదలుపెట్టాడు. ముడి లేని షూ విప్పడానికి చాలాసేపు పట్టింది.

"సరే. డేటా ఏం చెబితే అదన్నారు," అంది శ్రీవల్లి. "అవినాష్‌కి ఫోన్ చెయ్యండి, రావద్దని."

"ఇప్పుడు వద్దంటే ఎందుకని అడుగుతాడు. అమ్మ ముందు ఏం చెప్పను? డేటా కరెక్టే వల్లీ. టైమింగ్ బాలేదు. ఈసారికి పోనీ. సమ్మర్‌లో ఇంకో మొక్క కొందాం."

"ఇంకో మొక్క," అంది శ్రీవల్లి.

"అమ్మకి మాత్రం చెప్పకు, ప్లీజ్."

* * *

చెప్పి తీరాలనే శుక్రవారం మధ్యాహ్నం వంటింట్లోకి వెళ్ళింది. వాక్యం కూడా సిద్ధం చేసుకుంది: అత్తయ్యగారూ, మీ కాఫీ తాగుతున్నది మీ అబ్బాయి కాదు. అంతే. ఆ ఒక్క వాక్యంతో కరివేపాకు ఇంట్లో ఉండిపోతుంది.

రాజేశ్వరమ్మ పొయ్యి దగ్గర నాలుక కొన పళ్ళ మధ్య పెట్టుకుని, చెంచాలో పంచదార గోపురంలా నిలిచేలా కొలుస్తోంది. ఒక్క పలుకు కింద పడితే వేలితో అద్ది కప్పులోనే వేసింది.

"ఈ ఇంట్లో అన్నీ మీటలేనే వల్లీ," అంది వెనక్కి తిరక్కుండా. "గిన్నెల మిషను, బట్టల మిషను, ఆ గాలి మిషను. నేను ముట్టుకుంటే ఏదో ఒకటి కూస్తుంది. మీరిద్దరూ పరిగెత్తుకొస్తారు. ఈ కాఫీ ఒక్కటే కూయదు."

రెండు గ్లాసుల మధ్య కాఫీ ఎత్తిపోసింది. నురగ అంచుదాకా వచ్చి నిలబడింది. అది చూసుకుని తల పంకించింది.

శ్రీవల్లి పంచదార డబ్బా మూత బిగించింది.

"పంచదార ఒక చెంచా తగ్గిస్తే…" అంది చివరికి.

"తగ్గిస్తే వాడు తాగడే."

శ్రీవల్లి గరాజ్‌లోకి వెళ్ళి తలుపేసుకుంది. తడిగుడ్డ తీసుకుని, మళ్ళీ తుడవాల్సిన అవసరం లేని కరివేపాకుని మళ్ళీ తుడిచింది. ఒకరేమో నోరు తెరవరు. ఇంకొకరికి నోరు తెరిచి చెప్పలేం. ఇద్దరి మధ్యా పెట్టేబేడా సర్దుకుని వెళ్ళాల్సింది మాత్రం ఇది. గుడ్డని బకెట్లో విసిరితే నీళ్ళు ఎగిరి ఆమె మొహాన్నే పడ్డాయి.

* * *

శనివారం మధ్యాహ్నం అవినాష్ వ్యాన్‌ని గరాజ్ ముందు వెనక్కి పెట్టాడు. మనీషా పాత దుప్పటి చేత్తో పట్టుకుని దిగింది.

"అమ్మో అక్కా, ఎంత పెరిగిందిది! నిజంగనే ఇస్తున్నవా?"

"నేనివ్వట్లేదు. పంపిస్తున్నారు," అంది శ్రీవల్లి.

మనీషా ఆమె మొహం చూసి, తన మొగుడి మొహం చూసింది. అవినాష్ వ్యాన్‌లో సీట్లు మడిచే పనిలో పడ్డాడు.

"అన్నా," అంది మనీషా అమర్‌నాథ్‌తో, "పురుగులున్నయంటివి కదా. మా ఇంట్లకి రావు కదా?"

"లేవు లేవు," అన్నాడు అమర్‌నాథ్ తొందరగా. "వల్లి అంతా కడిగింది. చాలా శుభ్రంగా ఉంది."

"శుభ్రంగ ఉంటె మరెందుకు ఇస్తున్నరు?"

దానికి అతని దగ్గర డేటా లేదు. కుండీ అంచు పట్టుకుని, "అవినాష్, ఆ వైపు పట్టుకో," అన్నాడు.

ఇంట్లోకి తెరుచుకునే తలుపు దగ్గర అలికిడైంది. రాజేశ్వరమ్మ ఒక చేత్తో కుంకుమ భరిణె, ఇంకో చేత్తో స్టీలు గ్లాసు పట్టుకుని మెట్టు దిగుతోంది.

"ఆగండర్రా. ఇన్నాళ్ళు మన పోపులో వేగింది. బొట్టైనా పెట్టకుండా పంపుతామా!"

కుండీకి కుంకుమ పెట్టింది. తర్వాత గ్లాసులోది మొక్క మొదట్లో పోసింది. పుల్ల మజ్జిగ వాసన గుప్పుమంది.

"అమ్మా!" అన్నాడు అమర్‌నాథ్. "మజ్జిగ వద్దన్నాను కదా, దానివల్లే కదా ఈగ…" అని, ఆ మాట తనకే వినబడి మధ్యలో ఆగిపోయాడు.

శ్రీవల్లి అతన్నే చూస్తోంది.

"అయితే అది నా తప్పేరా," అంది రాజేశ్వరమ్మ ఖాళీ గ్లాసు కొంగుతో తుడుస్తూ. "మజ్జిగ పొయ్యమన్నది నేను. వల్లికి చెప్పిందే నేను. నువ్వు ఆవేళ లెక్క చెప్పావు చూడు, నవంబర్‌లో వచ్చాయి, ఏప్రిల్‌లో పోయాయని. ఆ రాత్రి పడుకుని ఆలోచించాను. నవంబర్‌లో వచ్చింది నేనే. ఏప్రిల్‌లో పోయిందీ నేనే. నీ లెక్క ప్రకారం ఈగలు నాతోనే వచ్చాయి."

"అదేంటమ్మా…"

"అదేరా. మొక్కని ఎక్కించే బదులు నన్ను ఎక్కించు అవినాష్ బండిలో. వాళ్ళకి అద్దాల గది ఉందటగా. నాకూ ఎండ తగుల్తుంది."

మనీషా నవ్వింది. రాజేశ్వరమ్మ నవ్వలేదు. భరిణె మూత పెట్టబోతే అది జారింది. మళ్ళీ పెట్టింది. అప్పుడుగానీ శ్రీవల్లికి తెలియలేదు, ఆవిడ ఆ మాట సరదాకి అనలేదని. ఆదివారం నుంచీ ఆవిడ అలాగే అనుకుంటోంది, ఈ ఇంట్లోకి ఈగల్ని తెచ్చింది తనేనని.

అమర్‌నాథ్ కుండీ వదిలేశాడు. అవినాష్ ఒక్కడే అవతలి అంచు పట్టుకుని వంగి ఉన్నాడు.

"అన్నా, దించనా, ఎత్తనా?"

"దించు." అమర్‌నాథ్ చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. "అమ్మా, ఈగలు నీతో రాలేదు. మజ్జిగతోనూ రాలేదు."

"మరి?"

"నీ కాఫీతో." అతను తల్లి కాళ్ళకున్న సాక్సు వైపు చూస్తూ మాట్లాడుతున్నాడు. "నువ్వు ఇచ్చే కాఫీ నేను తాగట్లేదు. పంచదార ఎక్కువవుతోంది. నీకు చెప్పలేక నా గదిలో మొక్కకి పోసేస్తున్నాను. పోయినేడు కూడా. ఈగలు అక్కడే పుట్టాయి. వల్లి గురువారమే కనిపెట్టింది. నేనే నీకు చెప్పొద్దన్నాను."

అవినాష్ మడిచిన సీటు మీది దుమ్ము దులిపాడు.

రాజేశ్వరమ్మ గ్లాసులోకి చూసింది, అందులో ఇంకా ఏదో మిగిలినట్టు. తర్వాత కోడలి వైపు తిరిగింది.

"గురువారం నుంచీ తెలుసా నీకు?"

"తెలుసండీ."

"నిన్న నేను పంచదార వేస్తుంటే పక్కనే నిలబడ్డావు."

"ఒక చెంచా తగ్గించమన్నాను కదండీ."

రాజేశ్వరమ్మ కోడల్ని పైనుంచి కిందిదాకా ఒకసారి చూసింది. తులసికి తలంటు అన్ననాటి చూపే అది. తర్వాత కొడుకుతో అంది. "ఎన్ని చెంచాలు వెయ్యను?"

"అర."

"అర చెంచా కాఫీ నేను కలపలేను. ఒకటి వేస్తాను. తాగి చావు." గ్లాసుతో కరివేపాకు వైపు చూపించింది. "నాకు చెప్పావు, బానే ఉంది. దానికేం చెప్తావు? ఏడాదిగా నిందపడ్డది అదీ, దాన్ని నాటినదీ."

మనీషా దుప్పటిని నెమ్మదిగా మడవడం మొదలుపెట్టింది. "రెండు రెబ్బలిస్తే చాలు అక్కా, మేం పోతం," అంది.

అమర్‌నాథ్ మొక్క ముందు నిలబడ్డాడు. కుంకుమ బొట్టు మీద నుంచి మజ్జిగ ఒక చుక్క జారుతోంది. భార్య మొహం చూడలేక ఆకుల వైపే చూస్తూ ఏదో గొణిగాడు.

"గట్టిగా అనండి," అంది శ్రీవల్లి చక్రాల పలకని కాలితో ఇంటి తలుపు వైపు తిప్పుతూ. "మొక్కకి వినపడలేదు."

"తప్పు నాదే," అన్నాడు అమర్‌నాథ్.